చెరిపేసిన చేను

బడి ఆవరణలో షామియానా వేసి, దాని కింద పెద్ద టీవీ పెట్టారు. టీవీలో ఎర్రనేల కనిపిస్తోంది. ఒక గుట్ట, రాళ్ళు, దుమ్ము. అంత పొలంలో మనిషి లేడు, మేక లేదు, పచ్చని ఆకు లేదు.

"ఇది మీ ఊరి పడమటి పొలం. నూట ఎనభై ఎకరాలు," అన్నాడు కర్నూలు నుంచి వచ్చిన ఆఫీసరు. "సేద్యం చేసుకోమని ప్రభుత్వం మీకు పట్టాలిచ్చింది. మీరు బీడు పెట్టుకున్నారు. బీడు పడిన పట్టాభూమిని ప్రభుత్వం వెనక్కు తీసుకోవచ్చు. సోలార్ కంపెనీ ఒకటి అడుగుతోంది. అభ్యంతరాలుంటే చెప్పండి."

ఆలూరుకు పడమరగా ఉండే బూదిగుట్ట అనే పల్లె అది. ఊరంతా అక్కడే కూర్చుని ఉంది. తమ నేలను తామే గుర్తుపట్టలేక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి మహాదేవమ్మ లేచింది. పొద్దున కలుపు తీసి అట్లాగే వచ్చింది, చీర కుచ్చిళ్ళకు మట్టి ఇంకా ఆరలేదు.

"సార్, ఆ గుట్ట మాదే. ఆ సేను మాదే. నా శెనక్కాయ యాడపాయ? ఇప్పుడు ఆడి నుంచే గదా నేనొచ్చిండేది!"

"అమ్మా, ఇది డ్రోన్ తీసిన వీడియో. కెమెరా అబద్ధం చెప్పదు."

"అయితే నేను సెప్తాండానా అబద్ధం?"

ఆఫీసరు పక్కన కుర్చీలో వీరభద్ర నవ్వాడు. ఆ చుట్టుపక్కల రోడ్లన్నిటికీ కాంట్రాక్టరు ఆయనే. సోలార్ కంపెనీని ఈ నేలకు తెచ్చిందీ ఆయనే. "ఏమమ్మో, కెమెరాకు నీ మీద పగేముంటాది?" అన్నాడు.

కూలి సంఘం బొజ్జన్న ముందుకు వచ్చాడు. ఇరవై ఏళ్ళ కింద ఆ పట్టాల కోసం నలభై రోజులు ఎండలో ధర్నా చేసిన మనిషి. "రెండు మైళ్ళే సార్. నడిసొచ్చి సూడండి. సేను అగుపడకపోతే మా పట్టాలు మేమే సించేస్తాం."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ఇంకా రెండు ఊళ్ళలో సభలున్నాయట. "గురువారం వస్తాను. చేను ఉంటే ఉందని రాసుకుంటాను," అని లేచాడు.

వెనక వరుసలో శివకుమారి షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మహాదేవమ్మ కూతురు. సభకు రమ్మని తల్లి పిలిస్తే పొద్దున బస్సుకే కర్నూలు నుంచి వచ్చింది. టీవీలో గుట్ట పక్కనున్న మూడు రాళ్ళను ఆమె గుర్తుపట్టింది. ఆ రాళ్ళు బూదిగుట్టలో ఎక్కడా లేవు. వాటిని అక్కడ పెట్టింది తనే.

*

శివకుమారి కర్నూలులో వసంతకుమార్ నడిపే గ్రాఫిక్స్ ఆఫీసులో పనిచేస్తుంది. నలభై మంది ఆడా మగా, రెండో అంతస్తు, కిటికీలకు నల్ల గుడ్డలు. హైదరాబాదు స్టూడియో ఒప్పుకున్న పనిని వసంతకుమార్ ముక్కలు చేసి తెస్తాడు. ఆ ఏడు వచ్చింది సైన్స్ ఫిక్షన్ సినిమా. భూమ్మీద నీళ్ళు అయిపోతే మనుషులు ఇంకో గ్రహానికి పోతారు. అక్కడ ప్రాణి అనేది ఉండదు. ఆ నేల మీద అంతరిక్ష నౌక దిగాలి. నౌకనూ, దాని కింద లేచే దుమ్మునూ, దుమ్ములో పడే నీడనూ కంప్యూటరులోనే పుట్టించాలి. చూసేవాడికి నిజమేనా అన్న అనుమానం రాకూడదు. నేల మాత్రం నిజమైనది. ఆ నేలను సినిమావాళ్ళకు చూపించింది వీరభద్ర. సినిమాలో ఆయనకూ వాటా ఉంది.

శివకుమారికి అప్పగించింది చెరిపే పని. కరెంటు స్తంభం ఉంటే చెరపాలి, బాట ఉంటే చెరపాలి, మనిషి ఉంటే చెరపాలి. చెరిపిన చోట పక్కనున్న మట్టి తెచ్చి అతుకు తెలియకుండా అతకాలి. తెర మీద ఒక్క సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. ఒక్కోటీ చేత్తో చేయాలి.

ఒకరోజు ఆమె తెర మీదికి పైనుంచి డ్రోన్ తీసిన దృశ్యం వచ్చింది. ముందు గుట్టను గుర్తుపట్టింది. తర్వాత పచ్చని సాళ్ళ మధ్య ఒకామె వంగి కలుపు తీస్తోంది, ఎడమచెయ్యి నడుము మీద ఉంది. బండి మీది నుంచి పడ్డప్పటి నుంచీ మహాదేవమ్మ అట్లాగే వంగుతుంది.

"భువనా, మా అమ్మ!" అని నవ్వింది శివకుమారి. పక్క సీటు భువన వచ్చి చూసి, "మీ యమ్మ సినిమాలో ఉండాదే!" అని ఆమె కూడా నవ్వింది.

ఆ తర్వాత మూడు రోజులు కూర్చుని శివకుమారి తల్లిని చెరిపింది. తల్లి నీడను చెరిపింది. సాళ్ళను చెరిపింది, బావిని చెరిపింది, బావి గట్టు మీది మనిషినీ గొర్రెలనూ ఎవరివో చూడకుండానే చెరిపింది. ఎంత శ్రద్ధగా చేసిందంటే, వసంతకుమార్ అందరినీ పిలిచి "పనంటే ఇట్లుండాల" అని చూపించాడు. ఆ సంతోషంలో ఇంటికి ఫోన్ చేసి, మన చేను సినిమాలో వస్తుందని కూడా చెప్పింది.

ఇప్పుడు బడి ఆవరణలో ఆ టీవీలో నౌక లేదు. ఆమె చెరిపిన నేల ఒక్కటే ఉంది.

*

ఆ సాయంత్రం పీర్లచావిడి ముందు ఊరు కూడింది. శివకుమారి దాచుకోలేకపోయింది.

"ఆ రాళ్ళు నేనే పెట్టినా. అమ్మను నేనే తుడిపినా. సినిమాకన్నారు. నేనూ సినిమాకే అనుకుంటి."

బొజ్జన్న భార్య సోమక్క విసురుగా లేచింది. "కన్నతల్లిని తుడిపేసొచ్చి మా ముందర సెప్తాండావా? దీనికేనా నిన్ను సదివించింది?" అని ఆమె కాళ్ళ దగ్గర ఉమ్మేసింది.

"ఈయమ్మిని గూడా వాళ్ళే పంపించినారేమో, ఎవురికి తెలుసు!" అన్నాడు ఆటో నడిపే నాగరాజ్.

మహాదేవమ్మ తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "నా మొగం అగుపడిందా నీకు?"

"లేదమ్మా. నడుం మీద చెయ్యి సూసి గుర్తుపట్టినా."

"గుర్తుపట్టే తుడిపినావు."

మహాదేవమ్మ లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

గొడవ పెరిగింది. తలా ఒక మాట అంటున్నారు. బొజ్జన్న చేయెత్తి అందరినీ కూర్చోబెట్టాడు.

"రోంత నా మాట ఇనండప్పా. ఆ పని సేసింది ఈ పాప చెయ్యే. కానీ సేయించింది ఎవురు? వీరభద్ర రోడ్డుకు కంకర కావాలంటే మన తట్టు గుట్ట మనమే పగలగొట్టినాం. ఆ కంకర యాడికి పోతాదని ఒగరోజన్నా అడిగినామా? కూలోనికి పని సెప్తారు, ఎందుకో సెప్పరు. కంప్యూటర్ ముందర కూసున్నా కూలి కూలే. ఈమెను తరిమేస్తే వాడికే సంతోషం. గురువారం ఆఫీసరొస్తాడు. సేను యాడికీ పోలేదు. కండ్లకు సూపిద్దాం."

*

బుధవారం పొద్దు పొడిచేసరికి చేని మీదికి మట్టి తవ్వే మిషన్లు నాలుగు వచ్చాయి.

ఊరు ఊరంతా పరుగెత్తింది. కాయ గట్టిపడుతున్న పంట. ఇంకో ఇరవై రోజులు ఆగితే పీకేవాళ్ళు. ఇనుప పళ్ళ కింద సాళ్ళు సాళ్ళుగా లేచిపోతున్నాయి. ఆడవాళ్ళు మిషన్లకు అడ్డం పడుకున్నారు. వీరభద్ర మనుషులు కట్టెలతో వచ్చి జుట్టు పట్టి ఈడ్చారు. ఒక డ్రైవరు మిషను ఆపి, "నాతో కాదు, నాదీ రైతు ఇల్లే," అని దిగిపోతే, వాణ్ణి కొట్టి ఇంకొకణ్ణి ఎక్కించారు.

బావిని పూడ్చడానికి వచ్చిన మిషను ముందు బొజ్జన్న నిలబడ్డాడు. మట్టి నెట్టుకుంటూ వచ్చింది. ఆయన కదల్లేదు. బావి గోడ రాళ్ళు ఒక్కసారిగా జారాయి, ఆయనా వాటితో పాటే జారాడు. నాగరాజ్, ఇంకో నలుగురు దిగి రాళ్ళు తీసి పైకి తెచ్చేసరికి ఊపిరి గురకలా ఉంది. నాగరాజ్ ఆటోలో ఆలూరు తోలుతుండగా, ఊరు ఇంకా కనబడక ముందే సోమక్క ఒడిలో బొజ్జన్న చనిపోయాడు.

మధ్యాహ్నానికి మిషన్లు వెళ్ళిపోయాయి. శివకుమారి పొలం గట్టు మీద నిలబడి చూసింది. గుట్ట, రాళ్ళు, దుమ్ము. తను మూడు రోజులు కూర్చుని తెర మీద చేసిన పనిని వాళ్ళు సగం రోజులో నేల మీద చేశారు.

గురువారం ఆఫీసరు వచ్చాడు. "చేను ఎక్కడ?" అన్నాడు.

మహాదేవమ్మ కాయలతో ఉన్న చెట్లను ఒడినిండా తెచ్చి ఆయన ముందు పోసింది. "ఇది సార్ సేను."

"పీకిన చెట్టు ఏ పొలందో నేనెట్లా చెప్పాలమ్మా?"

నాగరాజ్ ఫోన్లో ఫోటోలు చూపించాడు. ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. ఫోటోలో ఇదే నేలని ఏముంది? పంట నమోదు చూద్దామంటే ఈ సర్వే నంబర్లకు ఈ ఏడు నమోదే కాలేదు. "తేదీ, స్థలం రెండూ తెలిసే ఆధారం ఏదైనా ఉంటే సోమవారం లోపల తీసుకురండి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

అట్లాంటి ఆధారం లోకంలో ఒక్కచోటే ఉంది. డ్రోన్ మొదట తీసిన దృశ్యం. దాని మూల మీద తేదీ ఉంటుంది, గంట ఉంటుంది, స్థలం ఏదో చెప్పే అంకెలుంటాయి. అది కర్నూలులో, నల్ల గుడ్డలు కట్టిన ఆ రెండో అంతస్తులో ఉంది.

శివకుమారి తల్లి దగ్గరకు వెళ్ళి ఆ సంగతి చెప్పింది. పీర్లచావిడి దగ్గర లేచి వెళ్ళిపోయాక మహాదేవమ్మ కూతురితో మాట్లాడటం అదే మొదలు.

"ఉద్యోగం పోతాదా?"

"జైలు గూడా కావొచ్చు."

మహాదేవమ్మ ఒడిలో మిగిలిన మట్టి దులుపుకుంది. "పోయి తే," అంది.

*

శుక్రవారం పొద్దున ఆఫీసులో అందరూ ఎప్పటిలాగే ఫోన్లు పెట్టెలో వేసి లోపలికి వచ్చారు. వసంతకుమార్ చప్పట్లు కొట్టి పిలిచాడు.

"ఆ సినిమా పని అయిపోయింది. డ్రోన్ ఒరిజినల్స్ అన్నీ సాయంకాలం ఐదింటికల్లా తీసేయమని ఆర్డర్. గోపీనాథ్, నువ్వు చూసుకో. మిగతావాళ్ళకు కొత్త పని వచ్చింది. ఇప్పుడే మొదలుపెట్టండి."

శివకుమారి లేచి నిలబడింది. బడి ఆవరణలో టీవీ నుంచి బొజ్జన్న చావు వరకూ ఉన్నదున్నట్టు చెప్పింది. మధ్యలో వసంతకుమార్ "కూర్చో" అని రెండుసార్లు అరిచాడు. ఆమె కూర్చోలేదు.

"నువ్వు ఆర్టిస్టువు. నీకెందుకు ఈ రాజకీయాలు?" అన్నాడాయన.

"ఆర్టిస్టులమైతే సినిమా చివర మా పేర్లేవి సార్? వాటిని తుడిపింది ఎవురు?" అంది భువన.

ఎవరో నవ్వారు. కానీ భయం పోలేదు. కడప జిల్లా ఒంటిమిట్ట దగ్గరి నుంచి వచ్చిన శ్రావణి అందరి మనసులో మాటా పైకి అంది.

"అక్కా, నీ కష్టం శానా పెద్దది, కాదన్లేదు. కానీ ఈడి సంగతి బయట సెప్పబోమని కాగితం మీద సంతకాలు పెట్టినాం గదా. కేసు పెడితే ఎవురు దిక్కు? నా పని పోతే మా నాయన ఈ వయసులో మళ్ళా కువైట్ పోవాల. నేను మీతో రాలేను. నన్ను తిట్టుకున్నా సరే."

ఆమె తన సీటుకు వెళ్ళి కూర్చుంది. పదిమంది దాకా ఆమె వెనకనే వెళ్ళారు. శ్రావణిని తిట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. నెల కింద అయితే తనూ అదే మాట అనేది.

శ్రావణి కొత్త పని తెరిచింది. కొండ పక్కన చిన్న చేను. ఒక ముసలాయన పంచె ఎగ్గట్టి పారతో నీళ్ళు మళ్ళిస్తున్నాడు. చెరపాల్సినవి పక్కన వరసగా రాసి ఉన్నాయి: మనిషి, కాలువ, పైరు. ఆమె ఆ ముసలాయన్ను చూస్తూ ఉండిపోయింది. పార పక్కన పెట్టి, చెమట తుడుచుకుని, ఆయన ఒకసారి తలెత్తి డ్రోన్ వైపు చూశాడు. తనమీద ఎగిరేది ఏమిటో తెలియక ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సార్," అంది శ్రావణి. "దీని మీద దిగే ఓడ ఏది?"

"ఓడ లేదు. ఉత్త నేలే అడిగినారు."

"ఇది ఏ సినిమా సార్?"

"నీ పని నువ్వు చెయ్యి," అన్నాడు వసంతకుమార్.

"సినిమా పేరు సెప్పండి సార్, చేస్తా."

ఆయన మొహం తిప్పుకున్నాడు. శ్రావణి మౌస్ మీది నుంచి చెయ్యి తీసి ఒడిలో పెట్టుకుంది. "నేను చెయ్యను," అంది. గొంతు చిన్నగానే ఉంది. ఆమె పక్క అబ్బాయి చెయ్యి తీశాడు. వాడి పక్కన అమ్మాయి తీసింది. కుర్చీలు వెనక్కు జరిగిన చప్పుడు గదంతా పాకింది.

వసంతకుమార్ ఒరిజినల్స్ ఉన్న గది వైపు పరుగెత్తాడు. ఆ గది తాళంచెవి ఉండేది గోపీనాథ్ దగ్గర. అతను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "ఐదేండ్లుగా మీరు సెప్పిందల్లా చేసినా సార్. ఇది చెయ్యను," అన్నాడు. వసంతకుమార్ అతని చొక్కా పట్టుకుని లాగాడు, వెనక గదిలో అందరూ లేచి నిలబడటం చూసి వదిలేశాడు. కిందికి పోయి కరెంటు మెయిన్ ఆఫ్ చేశాడు. గది చీకటైంది. కంప్యూటర్ల బ్యాటరీలు కూతపెట్టడం మొదలుపెట్టాయి.

"బ్యాటరీ పావుగంట వస్తాది, అంతే," అని గోపీనాథ్ గది తెరిచి ఒరిజినల్స్‌ను ఒక కంప్యూటరులోకి ఎక్కించాడు.

భువన ఫోన్ల పెట్టె పగలగొట్టింది. శివకుమారి నాగరాజ్‌కు ఫోన్ చేసింది. బొజ్జన్న పోస్టుమార్టం కోసం ఊరంతా కర్నూలులోనే ఉంది.

"ఆస్పత్రి గేటు కాడ ఉండాం. ఇప్పుడే శవాన్నిచ్చినారు," అన్నాడు నాగరాజ్.

"ఊరికి పోవద్దన్నా. బొజ్జన్న పెదనాయనను ఈడికి తీసుకురాండి."

*

ఆఫీసు గోడకున్న పెద్ద టీవీనీ, ఆ కంప్యూటర్నూ, బ్యాటరీనీ మెట్ల మీదుగా మోసి వీధిలోకి దించారు. ఎదురుగా ఉన్న టీ అంగడి బాషా మొదట బెదిరాడు. సంగతి విని, లోపలి నుంచి కరెంటు వైరు తానే లాగి, బల్ల మీది గ్లాసులన్నీ తీసేశాడు. "ఈడ పెట్టండమ్మా," అన్నాడు.

పాడె మోసుకుంటూ బూదిగుట్ట వచ్చింది. "బొజ్జన్నను చంపిందెవరు?" అని నాగరాజ్ అరుస్తున్నాడు. జనం వీరభద్ర పేరు చెబుతున్నారు. పాడెను టీవీ ముందు దించారు. బస్సులు ఆగాయి. అంగళ్ళలోంచి మనుషులు వచ్చారు. పుస్తకాల సంచులతో కాలేజీ పిల్లలు గోడలెక్కారు.

గోపీనాథ్ ముందు సినిమా దృశ్యం చూపించాడు. ఎర్రనేల మీదికి ఇంటికన్నా పెద్ద నౌక దిగింది. మంటలు, దుమ్ము, అదిరే రాళ్ళు. ముందు వరుసలో వాళ్ళు నిజంగానే ఒక అడుగు వెనక్కు వేశారు.

"ఇది మేం చేసిందే," అంది శివకుమారి గట్టిగా. "ఇందులో ఏదీ నిజం కాదు. సూడండి."

గోపీనాథ్ ఒక్కో పొరా తీస్తూ పోయాడు. నౌక మాయమైంది. దుమ్ము పోయింది. మూడు రాళ్ళు పోయాయి. ఎరుపు కింది నుంచి పచ్చని సాళ్ళు బయటికి వచ్చాయి. గొర్రెలు వచ్చాయి. నడుము మీద చెయ్యితో మహాదేవమ్మ వచ్చింది. బావి వచ్చింది. బావి గట్టు మీద ఒక మనిషి బొక్కెన తోడి గొర్రెలకు నీళ్ళు పోస్తున్నాడు.

సోమక్క పాడె దగ్గర నుంచి లేచి వచ్చింది. తెర మీద చెయ్యి పెట్టింది.

"ఆయప్పే," అంది. "మా ఆయప్పే. సూడండి, నీళ్ళు తోడుతాండాడు."

పాడె మీద గుడ్డ కప్పిన బొజ్జన్న, తెర మీద నీళ్ళు పోస్తున్న బొజ్జన్న. వీధిలో అన్ని వందల మంది ఉండీ కంప్యూటరు ఫ్యాను చప్పుడు వినబడింది. అప్పుడు శ్రావణి తెర మూలనున్న తేదీనీ, గంటనూ, స్థలం అంకెలనూ గట్టిగా చదివింది. "అందరూ ఫోన్లు తీయండి. దీన్ని తీసుకోండి. మీ వాళ్ళకు పంపండి," అంది. చేతులు పైకి లేచాయి.

పోలీసులు వచ్చేసరికి ఆ దృశ్యం నాలుగోసారి తిరుగుతోంది. వాళ్ళ వెనక కారులో వీరభద్ర దిగాడు. "దొంగసొత్తు సార్ అది. పట్టుకోండి," అన్నాడు.

"పట్టుకోండి సార్," అంది భువన. "ఇప్పుడది ఈ ఒక్క టీవీలోనే లేదు."

లాఠీలు లేచాయి. టీవీ పగిలింది. బాషా అంగడి బల్ల విరిగింది. గోపీనాథ్ తలకు దెబ్బ తగిలింది. అతన్నీ శివకుమారినీ దొంగతనం కింద పట్టుకుని వ్యాను వైపు ఈడ్చారు. శివకుమారి కుడిచెయ్యి పోలీసు పట్టుకుంటే, ఎడమచేతిని ఎవరో వెనక్కు లాగారు. తిరిగి చూస్తే సోమక్క. వ్యాను తలుపు దాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఇన్‌స్పెక్టరు మహాదేవమ్మ దగ్గరికి వచ్చాడు. "శవాన్ని పెట్టుకుని ఇదంతా ఏంటమ్మా? ముందు ఊరికి తీసుకుపోండి."

"ఏ ఊరికి సార్?" అంది మహాదేవమ్మ. "ఆ ఊర్లో మనుషులే లేరంట గదా. లేనోళ్ళ ఊరికి శవాన్ని ఎట్ల తీసుకపోయేది? కలెక్టర్ సారునే అడుగుతాం."

పాడె లేచింది. ఊరి దారి కాకుండా కలెక్టరాఫీసు దారి పట్టింది. ఆఫీసు నుంచి దిగిన ముప్పై ఎనిమిది మంది దాని వెనక నడిచారు. వీధి మలుపులో తలపాగా చుట్టిన ఒక మనిషి ఫోన్లో ఆ దృశ్యం చూస్తూ బస్సు దిగి శ్రావణికి అడ్డం వచ్చాడు.

"పాపా, మాది ఆస్పరి తట్టు. పోయిన నెల మా సేన్ల మీద గూడా అట్లాంటి డ్రోనే ఎగిరింది. మమ్మల్ని గూడా తుడిపినారా?"

"నాకు తెలియదు పెద్దాయనా," అంది శ్రావణి. "మాతో రాండి. కనుక్కుందాం."

ఆయన సంచి భుజానికి తగిలించుకుని పాడె కింద ఇంకో భుజం పెట్టాడు. దారంతా జనం నిండిపోయారు. పోలీసు వ్యానుకు ముందుకు పోయే సందు లేదు, వెనక్కు తిరిగే సందు లేదు. అది కూడా ఊరేగింపు వెనక, మనిషి నడిచేంత మెల్లగా కదిలింది.

లోపల గోపీనాథ్ తలకు శివకుమారి తన చున్నీ కట్టింది. తర్వాత కిటికీ జాలీకి మొహం ఆనించి గొంతెత్తింది.

"పడమటి పొలం ఎవరిది?"

"నోరు ముయ్యి," అన్నాడు పోలీసు.

బయటి నుంచి వీధి మొత్తం జవాబు చెప్పింది.